ఫ్రాన్స్ యాత్రకు సిద్ధమయ్యేవారికి: చోట్ల కంటే ముందు వేళలు

ఫ్రాన్స్ జనాభా 7 కోట్ల లోపే. ఆ దేశానికి ఏటా వచ్చే విదేశీ సందర్శకులు మాత్రం సుమారు 10 కోట్లు. ఇంతమంది దేనికోసం వెళతారని అడిగితే ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, అత్తరులు, వైన్, రాజుల కోటలు అని ఎవరైనా చెప్పగలరు. ఒకసారి వెళ్లి వచ్చినవారు మళ్లీ వెళ్లాలనుకోవడానికి కారణం చాలావరకు వీటిలో ఉండదు. పొద్దున్నే రొట్టె కోసం వరసలో నిలబడడం, వారంలో ఒకటి రెండు రోజులు జరిగే సంత, మధ్యాహ్నం గంటన్నర సేపు తీరిగ్గా సాగే భోజనం, ఆదివారం నిశ్శబ్దంగా మారిపోయే వీధి, వీటన్నిటికీ అక్కడ ఒక వేళ ఉంది. ఆ వేళను ఊరంతా పాటిస్తుంది. ఆ సంగతి తెలియక వెళ్లినవారికి ఫ్రాన్స్ మూసిన తలుపులూ ముభావంగా ఉండే మనుషులూ ఉన్న దేశంగా కనిపిస్తుంది. తెలిసి వెళ్లినవారికి అదే దేశం ఎంతో మర్యాదగా కనిపిస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో చూడవలసిన చోట్ల జాబితాను పక్కన పెట్టి, ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలన్నదే ఎక్కువగా చెబుతున్నాను.

మన వైపు నుంచి వెళ్లేవారిలో చాలామంది పది రోజుల్లో ఆరేడు దేశాలు చూపించే ప్యాకేజీలో వెళతారు. అందులో పారిస్‌కు దక్కేది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనూ సగం బస్సు కిటికీకే సరిపోతుంది. పెద్దవారితో, భోజనం దగ్గర పట్టింపులు ఉన్నవారితో వెళ్లేటప్పుడు ప్యాకేజీలో సౌకర్యం ఉన్న మాట నిజమే. కానీ ఫ్రాన్స్‌ను చూడాలన్న కోరిక ఉన్నవారు కనీసం పది రోజులు ఆ ఒక్క దేశానికే కేటాయించుకుని, సొంతంగా ఏర్పాట్లు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏర్పాట్లు అనుకున్నంత కష్టం కాదు.

వీసా, కాలం

వీసా సంగతి త్వరగా ముగిద్దాం. ఫ్రాన్స్ షెంగెన్ దేశాలలో ఒకటి కనుక ఒకే వీసాతో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించకుండా ఆ దేశాలన్నిటిలో తిరగవచ్చు. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. 15 రోజుల కంటే దగ్గర పడనివ్వకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చును భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. హైదరాబాదులో దరఖాస్తులు తీసుకునే కేంద్రం ఉంది. అమ్మాయి ఇంట్లోనో అబ్బాయి ఇంట్లోనో బస చేయబోయే తల్లిదండ్రులు హోటల్ బుకింగ్‌కు బదులు, పిల్లలు అక్కడి పురపాలక కార్యాలయంలో తీసుకుని పంపే ఆతిథ్య పత్రాన్ని జత చేయాలి. దానికి వారాలు పట్టవచ్చు కనుక ముందుగా మొదలుపెట్టవలసిన పని అదే.

కాలం విషయం మీద మాత్రం కొంచెం ఆలోచన పెట్టాలి. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు నుంచి అక్టోబరు నడిమి దాకా వెళితే ఎండా చలీ రెండూ మితంగా ఉంటాయి. మన పిల్లల వేసవి సెలవులు ఈ మొదటి కాలంతో చక్కగా కలుస్తాయి. జూన్‌లో పారిస్‌లో రాత్రి పది దగ్గరపడే దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది. కాబట్టి ఒక్క రోజులో చూడగలిగింది కాలాన్ని బట్టి సగానికి సగం మారిపోతుంది. మే నెలలో సెలవులు వరసగా వస్తాయి. మే 1న దాదాపు అన్నీ మూసేస్తారు. ఆ రోజు వీధి మూలల్లో మ్యూగే అనే చిన్న తెల్లటి గంటల్లాంటి పూల గుత్తులు అమ్ముతారు, ఒకరికొకరు ఇచ్చుకుంటారు. సెలవు గురువారం నాడు వస్తే శుక్రవారం కూడా కలుపుకుని నాలుగు రోజులు ఊళ్లకు వెళ్లిపోతారు. దాన్ని వాళ్లు ‘వంతెన కట్టడం’ అంటారు. ఆ రోజుల్లో రైలు టికెట్లు దొరకడం కష్టం. ఆగస్టులో పెద్ద మ్యూజియాలు తెరిచే ఉంటాయి గానీ, పేటల్లోని రొట్టె దుకాణాలూ చిన్న హోటళ్లూ తలుపు మీద చేతిరాత కాగితం ఒకటి అంటించి మూడు నాలుగు వారాలు మూసేస్తాయి.

కొన్ని తేదీలను మాత్రం వెతుక్కుని మరీ అందుకోవచ్చు. జూన్ 21న దేశమంతటా సంగీతోత్సవం జరుగుతుంది. 1982లో మొదలైన ఈ పండుగనాడు ప్రతి వీధి మూలలో ఎవరో ఒకరు వాయిస్తూనో పాడుతూనో ఉంటారు, టికెట్ అన్నది ఉండదు. సెప్టెంబరు మూడో శని, ఆదివారాల్లో, మామూలు రోజుల్లో ప్రజలను రానివ్వని ప్రభుత్వ భవనాలూ పాత మేడలూ తలుపులు తెరుస్తారు. ఈ ఆనవాయితీ 1984 నుంచి ఉంది. దక్షిణాన ఉన్న ప్రొవాన్స్‌లో లావెండర్ పొలాలు చూడాలంటే చాలాచోట్ల జూన్ నడిమి నుంచి జూలై నడిమి వరకే గడువు. ఆ తరువాత కోత కోసేస్తారు.

మొదటి మాట

అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ఒక్క పలకరింపు: బోఁజూర్. ఫ్రెంచి మాటల్లో ముక్కుతో పలికే ధ్వనికి మన పాత అరసున్న చక్కగా సరిపోతుంది కనుక ఈ వ్యాసంలో దాన్నే వాడుతున్నాను. దుకాణంలో కాలు పెట్టగానే, బస్సు ఎక్కగానే, లిఫ్టులో ఎవరైనా ఉంటే, దారి అడగబోయే ముందు ఈ మాట అనాలి. సాయంత్రం అయితే బోఁస్వార్. వెళ్లిపోయేటప్పుడు మెర్సీ, ఓ రెవ్వార్. ఇది అలంకారం కాదు. ఇంటికి వచ్చినవాడు పలకరించకుండా నేరుగా పని చెబితే మన ఊళ్లలో ‘మనిషని చూడకుండా మాట్లాడాడు’ అనుకుంటారే, అక్కడ దుకాణదారు కూడా సరిగ్గా అలాగే అనుకుంటాడు. ఫ్రెంచివారు మొరటువారన్న పేరు రావడానికి సగం కారణం, వచ్చినవారు ఈ ఒక్క మాట మరిచిపోవడమే.

ఇక తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. ఫ్రెంచిలో మనకు ఉన్నట్లే మీరు, నువ్వు వేరువేరు: ‘వూ’ అంటే మీరు, ‘త్యూ’ అంటే నువ్వు. కొత్తవారితో, పెద్దవారితో, దుకాణాల్లో ‘వూ’ తప్ప మరొకటి వాడకూడదన్న సంగతి మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. వెళ్లడానికి రెండు మూడు నెలల ముందు రోజుకు పావుగంట కూర్చుంటే అంకెలు, వేళలు, పలకరింపులు, భోజనానికి కావలసిన మాటలు వచ్చేస్తాయి. అంకెల్లో డెబ్బై తరువాత కాస్త ఓపిక కావాలి: డెబ్బైని అరవై-పది అనీ, ఎనభైని నాలుగు-ఇరవైలు అనీ, తొంభైని నాలుగు-ఇరవైలు-పది అనీ అంటారు.

ఈ పలకరింపును సాధన చేయడానికి రొట్టె దుకాణాన్ని మించిన చోటు లేదు. పొద్దున ఏడున్నరకు మీ బస దగ్గరి బులాంజరీకి వెళ్లండి. తలుపు తీయకముందే కాలిన పిండి, వెన్న కలిసిన వాసన వస్తుంది. వరసలో ఐదారుగురు ఉంటారు. ఎవరూ ముందుకు తోసుకుని రారు, ముందువారు ఎంతసేపు తీసుకున్నా వెనకవారు విసుక్కోరు. మీ వంతు వచ్చాక ‘బోఁజూర్ మదామ్’ అని, ఆమె తిరిగి బోఁజూర్ అనే దాకా ఆగి, అప్పుడు ‘యూన్ త్రాదిస్యోఁ, సిల్ వూ ప్లే’ అనాలి. మామూలు బగెత్ (కర్రలా పొడవాటి రొట్టె) అడగకుండా త్రాదిస్యోఁ అడగమనడానికి కారణం ఉంది. 1993 నాటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆ పేరుతో అమ్మే రొట్టె పిండిని ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు, రసాయన సంకలితాలు కలపకూడదు. ధరలో తేడా కొద్ది సెంట్లే, రుచిలో తేడా చాలా ఎక్కువ. ఎర్రగా కాలినది కావాలంటే ‘బ్యేఁ క్యుయిత్’ అనీ, లేతగా కాలినది కావాలంటే ‘పా త్రో క్యుయిత్’ అనీ చెప్పవచ్చు. ఆమె వెనకకు తిరిగి, బుట్టలో నిలబెట్టిన వాటిలో రంగు చూసి ఒకటి ఏరి, నడుముకు చిన్న కాగితం చుట్టి ఇస్తుంది. చుట్టిన చోట పట్టుకుంటే ఇంకా వేడిగా ఉంటుంది. వీధిలోకి రాగానే కొన విరిచి నోట్లో వేసుకోండి. అక్కడ అందరూ చేసే పని అదే, ఇంటికి చేరే రొట్టెకు సాధారణంగా ఒక కొన ఉండదు. బగెత్ తయారీ నేర్పును యునెస్కో 2022లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పూతరేకులు చుట్టే ఆత్రేయపురం చేతులను చూసినవారికి ఇలాంటి గుర్తింపులో వింతేమీ కనిపించదు.

ప్రతి రొట్టె దుకాణానికీ వారంలో ఒక సెలవు ఉంటుంది. పక్కపక్క దుకాణాలు వేరువేరు రోజుల్లో మూస్తాయి. మీ దుకాణం మూసిన రోజు ఏదో మొదటి పొద్దునే తలుపు మీద చూసి పెట్టుకోవాలి.

భోజనం

భోజన వేళలు తప్పితే ఇబ్బంది పడక తప్పదు. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, రాత్రి ఏడున్నర తరువాత, ఈ రెండు వేళల్లోనే వంటగది పని చేస్తుంది. కోటలూ మ్యూజియాలూ తిరిగి తిరిగి మూడు గంటలకు భోజనం చేద్దామనుకునే మన అలవాటు అక్కడ చెల్లదు. పెద్ద నగరాల్లో కొన్ని చోట్ల దొరుకుతుంది గానీ, చిన్న ఊళ్లలో మూడు గంటలకు కుర్చీలు బోర్లించి ఉంటాయి. రెండు మాటల విషయంలో పొరబాటు జరుగుతుంది. ‘మెన్యూ’ అంటే వంటకాల పట్టిక కాదు, ఒకే ధరకు వచ్చే రెండు మూడు అంచెల భోజనం. పట్టికను ‘కార్త్’ అంటారు. ‘ఆంత్రే’ అంటే మొదట వచ్చే చిన్న వంటకం, అసలు వంటకం కాదు. మధ్యాహ్నం పూట నల్ల పలక మీద సుద్దతో రాసిపెట్టే ఆ రోజు వంటకమూ, ‘ఫార్ములా’ అనే రెండంచెల భోజనమూ రాత్రి ధర కంటే బాగా తక్కువకు వస్తాయి. ఖరీదైన చోట తినాలన్న కోరిక ఉంటే మధ్యాహ్నమే తీర్చుకోండి.

నీళ్లకు డబ్బు కట్టవద్దు. ‘యూన్ కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు కూజాలో తెచ్చి పెడతారు, దానికి ధర లేదు. రొట్టె బుట్ట కూడా భోజనంతో ఉచితమే. సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది కనుక టిప్ ఇవ్వవలసిన బాధ్యత లేదు, నచ్చితే ఒకటి రెండు యూరోల నాణేలు బల్ల మీద పెట్టి రావచ్చు. భోజనం అయ్యాక బిల్లు దానంతట అది రాదు. అడగకుండా బిల్లు తేవడమంటే ‘ఇక లేవండి’ అన్నట్లని వారి భావన. మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు ఆయన ముప్పావు గంట ఓపికగా కూర్చుని, ‘వీళ్లకు డబ్బు అక్కర్లేదా?’ అని అడిగారు. ‘లాదిస్యోఁ, సిల్ వూ ప్లే’ అన్న తరువాత రెండు నిమిషాల్లో తెచ్చారు. కాఫీ సంగతి కూడా చెప్పాలి: ‘ఆఁ కఫే’ అంటే రెండు గుక్కల చిక్కటి కాఫీ, అది తీపి తిన్న తరువాత వస్తుంది. పాలతో కావాలంటే ‘కఫే క్రెమ్’ అని అడగాలి. అదే కాఫీని గల్లా దగ్గర నిలబడి తాగితే తక్కువ, వీధి వైపు కుర్చీలో కూర్చుని తాగితే ఎక్కువ.

శాకాహారుల గురించి దాచకుండా చెప్పాలి. పారిస్‌లో ఇప్పుడు ఇబ్బంది చాలా తగ్గింది. పల్లె ప్రాంతాల్లో ఇంకా ఉంది. ‘వెజెతారియెన్’ అన్న ఒక్క మాటతో ఊరుకోకుండా ‘సాఁ వ్యాఁద్, సాఁ ప్వాసోఁ’ అని, అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని విడిగా చెప్పడం మేలు. ఉల్లిపాయ సూపును సాధారణంగా గొడ్డు మాంసపు రసంతో కాస్తారు. కీష్ లొరేన్‌లో పంది మాంసపు ముక్కలుంటాయి, నీస్ సలాడ్‌లో చేప ఉంటుంది. చాలా పాత రకాల చీజ్‌లలో పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు, గట్టి నియమం ఉన్నవారికి ఇది తెలియాలి. నిశ్చింతగా తినదగినవీ ఉన్నాయి: వంకాయ, టమాటా, కీరదోసను పోలిన కూర్జెత్ కలిపి మగ్గించే రతతూయ్, బంగాళదుంపల గ్రాతాఁ (చీజ్ సంగతి అడిగి), బ్రిటనీ వైపు కుట్టు (బక్‌వీట్) పిండితో పోసే గాలెత్ అట్టు. నీస్ నగరంలో సోకా అని ఒకటి అమ్ముతారు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలో కాల్చి, పైన మిరియాల పొడి చల్లి, ముక్కలు గీకి కాగితంలో పెట్టి ఇస్తారు. మన శనగపిండి అట్టుకు దగ్గరి చుట్టమే. అంచులు కరకరలాడుతూ నడిమి భాగం మెత్తగా ఉంటుంది, చల్లారితే బాగుండదు. అన్నం మీద బెంగ పుట్టినవారికి పారిస్ ఉత్తర రైల్వే స్టేషన్ వెనక లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల దుకాణాలూ హోటళ్లూ ఉన్నాయి. సాంబారు, దోసె, కరివేపాకు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి.

ఖర్చు తగ్గించుకునే దారి, నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి కూడా, సంత. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు, వారంలో నిర్ణయించిన రోజుల్లో జరుగుతుంది. మన రైతుబజారులో లాగా కాయ నొక్కి చూసి ఏరుకోబోతే అమ్మేవారు ఊరుకోరు. ఏరి ఇవ్వడం వారి పని. ఖర్బూజా అడిగితే, తినేది ఎప్పుడని వారే అడుగుతారు: మధ్యాహ్నానికా, రాత్రికా, రేపటికా? జవాబు విని, తొడిమ దగ్గర వేలితో నొక్కి, వాసన చూసి, ఒకటి పక్కన పెట్టి మరొకటి తీసి ఇస్తారు. కమాంబేర్ చీజ్‌కూ ఇదే పద్ధతి, పెట్టె మూత తీసి బొటనవేలితో నొక్కి మరీ చెబుతారు. ఏ సరుకైనా ఏ నేలలో పుట్టిందన్న పట్టింపు అక్కడ చాలా ఎక్కువ. రోక్‌ఫోర్ చీజ్ పేరుకు 1925లోనే చట్ట రక్షణ ఇచ్చారు. బనగానపల్లె మామిడికీ, తిరుపతి లడ్డుకూ మనం ఇప్పుడు ఇస్తున్న భౌగోళిక గుర్తింపు లాంటిదే అది. సంతలో కొన్న చీజ్, పీచ్ పళ్లు, టమాటాలు, ఒక త్రాదిస్యోఁ పట్టుకుని ఏ నది ఒడ్డునో కూర్చుంటే ఇద్దరి భోజనం హోటల్లో ఒకరి భోజనం కంటే తక్కువలో అయిపోతుంది.

మ్యూజియాలు

ఇక్కడ గుర్తుంచుకోవలసింది సెలవు రోజులు. లూవ్ర్‌కు మంగళవారం సెలవు; ఓర్సే మ్యూజియానికీ వెర్సాయ్ రాజప్రాసాదానికీ సోమవారం సెలవు. సోమవారం పారిస్‌లో దిగి, ఆ రోజే వెర్సాయ్ అని రాసుకున్నవారు ఎంతమందో. ఆధునిక కళలకు పేరైన పొంపిదు కేంద్రం మరమ్మతుల కోసం 2025లో మూతపడింది, 2030 దాకా తెరవరు. నోత్ర్ దామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడి, ఐదేళ్ల పని తరువాత 2024 డిసెంబరులో తెరుచుకుంది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు.

లూవ్ర్‌లో ప్రదర్శనలో ఉన్న వస్తువులే వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్క పూటలో అన్నీ చూడాలనుకుంటే కాళ్ల నొప్పులే మిగులుతాయి. బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది కనుక టికెట్ ముందే తీసుకుని సాయంత్రం వెళ్లి, ఏదైనా ఒక భాగమే చూడండి. మోనా లీసా దగ్గర గుంపు తప్పదు. ఆమెను ఒకసారి చూసి వచ్చేస్తే మనసు తేలికవుతుంది. తెలుగువారు వెతుక్కుని వెళ్లవలసినది మరొకటి ఉంది. ‘రీజెంట్’ అనే 140 కారెట్ల వజ్రం గోల్కొండ గనుల్లో దొరికింది. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ చేతుల మీదుగా 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్ముడుపోయి ఆ పేరు తెచ్చుకుంది. పదిహేనో లూయీ కిరీటంలోనూ, నెపోలియన్ ఖడ్గం పిడిలోనూ అది మెరిసింది. అంతకు ముందే, కొల్లూరు గనిని కళ్లారా చూసి రాసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఒక పెద్ద నీలి వజ్రాన్ని పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. రీజెంట్‌ను ఉంచిన అపోలో గ్యాలరీలో 2025 అక్టోబరు 19న పట్టపగలు దొంగతనం జరిగింది. రాచనగలు కొన్ని పోయాయి, రీజెంట్ పోలేదు. ఆ గ్యాలరీ తెరిచి ఉందో లేదో, రీజెంట్‌ను చూడనిస్తున్నారో లేదో వెళ్లే ముందు మ్యూజియం వారి ప్రకటన చూసుకోవాలి.

ఈఫిల్ టవర్ గురించి ఒక్క మాట చాలు: 1889 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఈ 330 మీటర్ల ఇనుప కట్టడం ఎక్కడం కంటే, నదికి అవతల ఒడ్డు నుంచి చీకటి పడ్డాక చూడడమే నాకు నచ్చింది.

రైళ్లు, లియోఁ నగరం

ఫ్రాన్స్‌లో తిరగడానికి కారు అవసరం చాలా తక్కువ. 1981లో పారిస్, లియోఁ నగరాల మధ్య మొదలైన తేజేవే (TGV) రైళ్లు ఇప్పుడు గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వెళతాయి. లియోఁకు రెండు గంటలు, మార్సెయ్‌కు మూడు గంటలకు కొంచెం పైన, బోర్దోకు రెండు గంటలకు కొంచెం పైన పడుతుంది. వీటి టికెట్ ధర విమానం టికెట్ లాగే రోజు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. అమ్మకం తెరవగానే కొనేయాలి. పారిస్‌లో పెద్ద స్టేషన్లు అరడజను పైన ఉన్నాయి, ఏ దిక్కు రైళ్లు ఆ స్టేషన్ నుంచే బయలుదేరతాయి కనుక టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవాలి. ప్లాట్‌ఫారం నంబరు సుమారు ఇరవై నిమిషాల ముందే బోర్డు మీద పడుతుంది. అప్పటిదాకా అందరూ తలలెత్తి బోర్డు కేసి చూస్తూ నిలబడతారు. బయలుదేరే వేళకు రెండు నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు. కూలీలు ఉండరు. మెట్రోలో చాలా చోట్ల మెట్లే గతి. మీ పెట్టెను ఇంటి దగ్గర మూడో అంతస్తుకు మీరే ఎక్కించి చూసుకుని, ఎక్కించలేకపోతే సామాను తగ్గించుకోండి.

పారిస్‌లో తిరగడానికి నవిగో వారపు పాసు చవకే. అయితే ఆ వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది, కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు. నేను మొదటిసారి గురువారం నాడు కొని, ఏడు రోజులు వస్తుందన్న ధీమాతో సోమవారం పొద్దున గేటు దగ్గర ఎర్ర దీపం చూసి తెల్లబోయాను. తప్పు నాదే, నియమాలు చదవలేదు. వారం నడుమ దిగేవారు విడి ప్రయాణాలు నింపుకునే కార్డు తీసుకోవాలి. దొంగల భయం ఉంది కనుక మెట్రోలో ఫోన్ తలుపు దగ్గర చేతిలో పట్టుకుని నిలబడవద్దు. సంతకాల కాగితంతో వచ్చే మోసగాళ్లనీ, మోంమార్త్ర్ కొండ మెట్ల దగ్గర మణికట్టుకు దారం కట్టబోయేవారినీ ‘నోఁ, మెర్సీ’ అంటూ ఆగకుండా దాటేయాలి. ఆపదలో 112.

పారిస్ తరువాత ఒక్క నగరానికే సమయం ఉంటే లియోఁ వెళ్లమంటాను. చాలామంది దాన్ని భోజనప్రియుల నగరం అంటారు. నిజమే గానీ అక్కడి బూషోఁ అనే సంప్రదాయ హోటళ్లలో మాంసానిదే రాజ్యం. మనల్ని లాగేవి వేరే రెండు. మొదటిది సినిమా. లూమియేర్ సోదరులు తమ కర్మాగారం నుంచి పనివారు బయటికి వస్తుండగా తీసిన యాభై సెకన్ల చిత్రం లియోఁలోదే. పారిస్‌లో 1895 డిసెంబరు 28న టికెట్ పెట్టి చూపించిన ఆ ప్రదర్శన ఏడు నెలలు తిరక్కముందే, 1896 జూలై 7న, బొంబాయికి వచ్చింది. మోంప్లెజీర్ పేటలో వారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ వీధి పేరే ‘మొదటి చిత్రపు వీధి’. మొదటి రోజు మొదటి ఆట కోసం తెల్లవారుజామున వరస కట్టే జాతికి ఆ వీధిలో ఒక పూట గడపడానికి వేరే కారణం అక్కర్లేదు.

రెండోది మగ్గం. ధర్మవరంలోనో పోచంపల్లిలోనో నేతగాళ్ల మధ్య నిలబడి విన్నవారికి ‘జాకార్డు’ అన్న మాట తెలిసే ఉంటుంది. అది ఒక మనిషి పేరు. జోసెఫ్ మరీ జాకార్ 1752లో లియోఁలో పుట్టాడు. చిల్లులు పొడిచిన అట్టల వరసతో దారాలను వాటంతట అవే పైకి లేపే యంత్రాన్ని 1804లో తయారు చేశాడు. క్రువా రూస్ కొండ మీద పట్టు నేతగాళ్ల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లకు పైకప్పు అంత ఎత్తులో ఎందుకుందని చూస్తే, లోపల నిలబెట్టవలసిన మగ్గం ఎత్తు అంత ఉండడం వల్ల. అక్కడి నేతగాళ్ల నిలయంలో మగ్గం ఆడించి చూపిస్తారు. అట్ట మారినప్పుడల్లా వచ్చే టకటక శబ్దం ధర్మవరం వీధుల్లో వినిపించేదే. 1831లో, మళ్లీ 1834లో కూలి రేట్ల కోసం ఈ నేతగాళ్లు తిరగబడ్డారు. కొండ దిగేటప్పుడు ‘త్రాబూల్’ అనే ఇళ్ల నడుమ దారుల్లోంచి రావచ్చు. పట్టు బేళ్లు వానకు తడవకుండా మోసుకెళ్లడానికి అవి పనికి వచ్చేవి. ఇప్పటికీ అక్కడ జనం కాపురముంటున్నారు కనుక గొంతు తగ్గించి నడవాలి, తెరిచిన తలుపును తిరిగి మూయాలి.

మిగిలిన రోజులు ఏదైనా చిన్న ఊరికి ఇవ్వండి. అవిన్యోఁ, కోల్మార్, ఏదైనా సరే, అక్కడ మూడు రాత్రులు ఉండాలి. అందులో ఒకటి శనివారం రాత్రి అయితే మంచిది: శనివారం పొద్దున సంత, ఆదివారం పొద్దున రొట్టె, మధ్యాహ్నం నుంచి మూసిన దుకాణాలు, చెట్ల కింద మట్టి నేల మీద ఇనుప గుండ్లతో పెతాంక్ ఆడే పెద్దమనుషులు కనిపిస్తారు. ఆదివారం సాయంత్రానికి కావలసిన పాలు, పెరుగు, పళ్లు శనివారమే కొని పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణం రోజు

ఒకే దుకాణంలో 100 యూరోలు దాటి కొన్నవాటికి పన్ను వాపసు వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి ‘దెతాక్స్’ కాగితం అడగాలి, విమానాశ్రయంలో పెట్టెలు అప్పగించక ముందే అక్కడి యంత్రంలో దాన్ని నమోదు చేయించాలి. చీజ్ ఇంటికి తేవాలనుకుంటే దుకాణంలో ‘సూ వీద్’ అనండి, గాలి తీసి మూసి ఇస్తారు. మెత్తటివి వద్దు, కోంతే లాంటి గట్టి రకం తీసుకుని, అప్పగించే పెట్టెలో బట్టల నడుమ పెట్టండి. మా ఇంట్లో దాన్ని తురిమి పెసరట్టు మీద వేశారు.